గేము వెలను గంటల్లో కొలవవచ్చునా?

(పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

గత సంచికలో వీడియో గేముల ధరల మీద ఒక చిన్న వ్యాఖ్య వ్రాశాము. ఎనభై డాలర్ల గేము వచ్చిందని కోప్పడుతున్న అభిమానులు అది ఎన్ని గంటలు సాగుతుందని అడుగుతున్నారు గాని ఆ గంటల్లో ఏముందని అడగడం లేదని, ఆ అలవాటే ఇటు కథలనూ అటు ధరలనూ పాడుచేస్తున్నదని అందులో అభిప్రాయపడ్డాము. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే కావడం సంతోషకరం. వాటిలో మెచ్చుకోలు కంటే తగవులే ఎక్కువగా ఉండటం మరీ సంతోషకరం. పేర్లు వద్దన్నవారే అధికులు కనుక అందరి పేర్లూ విడిచి, ఊళ్లు మాత్రం ఇస్తున్నాము.

ఇంజనీరింగు విద్యార్థి, రాజాం

ప్రశ్న: మీ వ్యాఖ్యతో నేను ఏకీభవించలేను. హాస్టలు ఖర్చులు పోగా మిగిల్చుకున్న నాలుగైదు వేలు పెట్టి కొన్న గేము ఒక శని, ఆదివారాల్లోనే అయిపోతే అది మోసం కాక మరేమిటి? గంటకు ఎన్ని రూపాయలు పడిందో చూసుకోవడం తప్పెలా అవుతుంది?

జవాబు: లెక్క చూసుకోవడం తప్పు కాదు. కష్టపడి మిగిల్చిన డబ్బుకు లెక్క చూసుకోకపోతేనే ఆశ్చర్యపడాలి. మా అభ్యంతరమల్లా ఆ ఒక్క లెక్కే చూడటం మీద. ఎందుకంటే మీరు ఇక్కడ వేసే లెక్కనే అవతల కంపెనీ మార్కెటింగు విభాగం కూడా వేస్తున్నది. 2022 జనవరిలో, 'డయింగ్ లైట్ 2' విడుదలకు కొద్ది వారాల ముందు, దాన్ని పూర్తిగా ముగించాలంటే కనీసం 500 గంటలు పడుతుందని తయారీదారు టెక్‌ల్యాండ్ గొప్పగా ప్రకటించింది. చప్పట్లు వస్తాయనుకున్న చోట బెదురు కనిపించింది. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్లం ఇది ఎప్పటికి పూర్తి చేస్తామని చాలామంది అడిగారు. చివరకు ప్రధాన కథ 20 గంటలేనని, కథకు పక్కగా వచ్చే చిన్న పనులు (సైడ్ మిషన్లు) కూడా కలిపితే 80 గంటలు అవుతుందని ఆ సంస్థే సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

ఇరవై గంటల కథ అయిదు వందల గంటలకు ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేములో మ్యాపు తెరవగానే వందల గుర్తులు కనిపిస్తాయి: ఎక్కవలసిన బురుజులు, ఏరవలసిన వస్తువులు, పేరు మారినా తీరు మారని శత్రు శిబిరాలు. కథలో కన్నబిడ్డ ఎక్కడున్నదో తెలియక నాయకుడు పరుగులు పెడుతుంటాడు. మనం మాత్రం దారిలో ఆగి మూలికలు కోసుకుంటూ ఉంటాము. ఆ తొందరను మనం నమ్మడం మానేసిన క్షణంలోనే కథ చచ్చిపోతుంది. దీన్ని గ్రహించింది విమర్శకులు మాత్రమే కాదు. 2020లో 'అసాసిన్స్ క్రీడ్ వాల్హల్లా'ను విపరీతంగా సాగదీసిన తయారీ సంస్థ యూబీసాఫ్ట్, 2023లో అదే వరుసలో 'మిరాజ్'ను కావాలనే చిన్నదిగా చేసి, మామూలు 70 డాలర్లకు బదులు 50 డాలర్లకు అమ్మింది.

సాగతీతకు మరో పర్యవసానం ఉన్నది. ఆ బురుజులను, శిబిరాలను, వాటి మీది ప్రతి రాయినీ ఎవరో కూర్చుని తయారు చేయాలి, వారికి జీతాలు ఇవ్వాలి. 2023 జూన్‌లో గేముల సంస్థ యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొనడం మీద అమెరికాలో నడిచిన వ్యాజ్యంలో పోటీ సంస్థ సోనీ కొన్ని పత్రాలు దాఖలు చేసింది. రహస్య అంకెలను నల్ల మార్కరుతో కొట్టివేశారు గాని, స్కాన్ చేసిన కాగితం మీద గీతల కిందనుంచి అంకెలు చదవగలిగేలాగే ఉండిపోయాయి. (కోట్ల డాలర్ల రహస్యాన్ని ఒక మార్కరు పెన్ను చేతిలో పెట్టిన ఆ గుమాస్తా ఎవరో గాని, అభిమానులు అతనికి రుణపడి ఉన్నారు.) వాటి ప్రకారం 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' తయారీకి దాదాపు 22 కోట్ల డాలర్లు, 'హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్'కు దాదాపు 21 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అంత పెట్టిన సంస్థ ధర తగ్గించజాలదు, కొత్త కథకు సాహసించజాలదు. నిరుడు అమ్ముడుపోయినదాన్నే మరింత పెద్దదిగా చేస్తుంది. గంటలు ఎక్కువ కావాలన్న మన కోరికకు బిల్లు ఈ విధంగా మన దగ్గరికే తిరిగి వస్తున్నది.

దీనికి ఎదురుగా 2017లో వచ్చిన 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్'ను పెట్టి చూడండి. రెండు మూడు గంటల్లో ముగుస్తుంది, విడుదలనాటి ధర 20 డాలర్లు. మీ లెక్క ప్రకారం అది దోపిడీ. కాని 2018లో బ్రిటన్ వారి బాఫ్తా ఉత్తమ గేము పురస్కారం పొందినది అదే. ఒక కుటుంబంలో ఒక్కొక్కరి మరణాన్నీ ఒక్కొక్క కొత్త తీరులో మన చేత ఆడించే ఆ గేములో పనికిరాని నిమిషం వెతికినా దొరకదు.

మీ డబ్బుకు రక్షణ కావాలంటే గంటల లెక్క కంటే గట్టి సాధనం ఒకటి ఉన్నది. స్టీమ్‌లో (కంప్యూటరు గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) 2015 నుంచి, కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. అయితే రెండు గంటల లోపే ముగిసే చిన్న గేమును చివరిదాకా ఆడి, మెచ్చుకొని కూడా, వాపసు తీసుకొనేవారు ఉన్నారు. అది మాత్రం చేయకండి. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే స్టూడియోలు దాని వల్లనే దెబ్బతింటున్నాయి.

బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం

ప్రశ్న: ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే గేములు నిజానికి చౌక అయ్యాయని కొందరు వాదిస్తారు. వృత్తిరీత్యా నాకు ఈ వాదం సబబుగానే తోస్తున్నది. మీరేమంటారు?

జవాబు: అమెరికా వరకు ఆ వాదం సగం నిజం. అక్కడ 2005, 2006 ప్రాంతంలో ఎక్స్‌బాక్స్ 360 అనే గేము యంత్రపు తరంతో 60 డాలర్ల ధర స్థిరపడింది. 2020లో 'ఎన్‌బీఏ 2కే21'తో 70 అయింది. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2 అనే గేము యంత్రంతో పాటు వచ్చిన 'మారియో కార్ట్ వరల్డ్' 80 డాలర్ల గడప దాటింది. 2006 నాటి 60 డాలర్లను 2025 నాటి విలువకు మార్చితే సుమారు 95 డాలర్లవుతుంది. ఆ లెక్కన 80 డాలర్లు తగ్గింపే.

మిగతా సగం మరొక పద్దులో ఉన్నది. ఆనాడు డిస్కు, పెట్టె, లారీ రవాణా, దుకాణదారు లాభం అన్నీ ఆ అరవైలోనే ఉండేవి. ఈనాడు ఎక్కువ గేములు డౌన్‌లోడుగానే అమ్ముడుపోతున్నాయి. ఆన్‌లైన్ దుకాణాలు సాధారణంగా 30 శాతం తీసుకుంటున్న మాట నిజమే గాని, కొనేవారి సంఖ్య కూడా అప్పటికి ఇప్పటికి ఎన్నో రెట్లు పెరిగింది. పైగా గేము వెల ఇప్పుడు ఒక్క అంకె కాదు. మూడు రోజులు ముందుగా ఆడనిచ్చే డీలక్స్ ఎడిషను, తరువాత వచ్చే అదనపు భాగాలకు ముందే కట్టే సీజన్ పాసు, పాత్రల దుస్తుల ప్యాకులు కలిపి చూస్తే చాలామంది అభిమానులు ఎప్పుడో వంద డాలర్లు దాటిపోయారు. మైక్రోసాఫ్ట్ కూడా 2025లో తన పెద్ద గేములకు 80 డాలర్లు ప్రకటించి, 'ది ఔటర్ వరల్డ్స్ 2' విషయంలో జూలైలోనే వెనక్కి తగ్గి మళ్లీ 70 చేసింది. ద్రవ్యోల్బణమే అసలు కారణమైతే రెండు నెలల్లో అది తగ్గిపోయిందా?

మన సంగతి వేరు. 2006లో డాలరుకు 45 రూపాయలుగా ఉన్న మారకం 2025లో 85 దాటింది. అమెరికా ధర నిలకడగా ఉన్న సంవత్సరాల్లో కూడా మనకు అది పెరుగుతూనే వచ్చింది. స్టీమ్ 2015 నుంచి రూపాయల్లో ధరలు చూపిస్తున్నది గాని, ఆ ధర ఎంత అన్నది ప్రచురణకర్త ఇష్టం. ఒకరు మన ఆదాయాలను తలచుకొని తగ్గించి పెడతారు, మరొకరు డాలరును ఉన్నదున్నట్లు గుణించి ఊరుకుంటారు. మీ వాదనకు మా అసలు జవాబు ఇంకొకటి. 2025లోనే ఫ్రాన్సులోని మోంపెల్లియే నగరంలో సాండ్‌ఫాల్ అనే స్టూడియో 'క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'ను 50 డాలర్లకు విడుదల చేసింది. ముప్పై మందే చేశారని అభిమానులు చెప్పుకొనే మాట పూర్తిగా నిజం కాదు. యానిమేషను, సంగీతం, గాత్రం వంటి వాటికి బయటివారు చాలామంది పనిచేశారు. అయినా పెద్ద సంస్థల వందలాది ఉద్యోగుల ముందు అది చిన్న బృందమే. ఆ సంవత్సరం గేమ్ అవార్డుల్లో ఉత్తమ గేముతో కలిపి తొమ్మిది పురస్కారాలు దానికే దక్కాయి. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ చేసిన 'సిల్క్‌సాంగ్' అదే ఏడాది సెప్టెంబరులో 20 డాలర్లకు వచ్చి, తొలి గంటల్లో ఆన్‌లైన్ దుకాణాలు స్తంభించేటంత తాకిడి సృష్టించింది. ధరకూ విలువకూ మధ్య ఉన్నదనుకున్న సంబంధాన్ని ఆ ఏడాది ఇద్దరూ తెంచివేశారు.

తెలుగు ఉపాధ్యాయుడు, టెక్కలి

ప్రశ్న: మా పిల్లలు గేముల్లో గొప్ప కథలున్నాయంటారు. చూస్తే సినిమా ముక్కల మధ్య కాల్పులు తప్ప నాకేమీ కనిపించలేదు. ఇష్టం వచ్చినట్లు ముగింపు మార్చుకోగలిగే దాన్ని కథ అనవచ్చునా?

జవాబు: మాస్టారూ, మీరు చూసినది నిజమే. చాలా గేముల్లో కథ ఒక గదిలో, ఆట మరో గదిలో కాపురం ఉంటాయి. క్లింట్ హాకింగ్ అనే గేము రూపకర్త 2007లో 'బయోషాక్' మీద ఇదే ఫిర్యాదు చేశాడు. ఆ గేము ఆడే తీరులో మనకు స్వార్థంగా ఉండే స్వేచ్ఛ ఇస్తుంది, కథలో మాత్రం మనం కోరకపోయినా మరొకరికి సాయపడక తప్పదు. చేతులు ఒకటి చెబుతుంటే మాటలు మరొకటి చెబుతున్నాయని ఆయన అన్న తరువాత ఆ లోపం గురించిన చర్చ నేటికీ ఆగలేదు.

ముగింపుల సంగతికి వస్తే, ఎన్ని ముగింపులుంటే కథ అంత గొప్పదన్న నమ్మకం అభిమానుల్లో చాలా బలంగా ఉన్నది, దానితో మేము ఏకీభవించము. బొబ్బిలి కథ ముగింపు తెలియనివారు మన రెండు జిల్లాల్లో ఉండరు. అయినా కథకుడు తాండ్ర పాపారాయుడి దగ్గరికి వచ్చేసరికి వినేవాడి ఊపిరి బిగుసుకుంటుంది. ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్ల కలిగే ఉత్కంఠ కాదది. జరగక తప్పదని తెలిసి కూడా ఆ క్షణంలో అక్కడ ఉండటం వల్ల కలిగేది. మంచి గేము ఒక అడుగు ముందుకు వేసి, ఆ తప్పని పనిని మన చేత్తోనే చేయిస్తుంది.

ఉదాహరణకు 2013లో వచ్చిన 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్'ను చూడండి. కంట్రోలరు మీది ఎడమ పుల్ల అన్నను నడుపుతుంది, కుడి పుల్ల తమ్ముణ్ణి నడుపుతుంది. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరూ బయలుదేరుతారు. అందులో మనకు తెలిసిన భాష ఏదీ ఉండదు, పాత్రలు ఏవో శబ్దాలు చేస్తాయంతే. మొదట రెండు చేతులూ తడబడతాయి, గంట గడిచేసరికి ఒక్కటిగా కదులుతాయి. ముగింపు చెప్పము గాని, కథలోని దుఃఖం కంటికి కాక వేలికి తగిలే చోటు ఒకటి ఉన్నది. ముగింపు ఒక్కటే. దాన్ని సినిమాగా తీస్తే కథ మిగులుతుంది గాని ఆ దెబ్బ మిగలదు.

అదే ఏడాది లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా చేసిన 'పేపర్స్, ప్లీజ్' మరో రకం. మీరు ఒక కల్పిత నియంతృత్వ దేశపు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే గుమాస్తా. ఎంతమందిని సరిగా తనిఖీ చేస్తే అంత జీతం. దాంతోనే ఇంటి అద్దె, తిండి, చలికాచుకొనే ఇంధనం, బిడ్డ మందులు. భర్త కాగితాలు సరిగా ఉండి, భార్య కాగితాల్లో ఒకటి తక్కువైనప్పుడు ఏం చేస్తారు? జాలిపడితే జరిమానా. దొరతనం మామూలు మనిషి చేత ఎలా పని చేయించుకుంటుందో చెప్పడానికి ఉపన్యాసం అక్కరలేదు, ఒక రబ్బరు ముద్ర చాలునని అది చూపించింది. ఆ గేము పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది కనుక మీ బడి కంప్యూటరులోనే ప్రయత్నించవచ్చు.

మన ఇంటికి దగ్గరగా రావాలంటే 2023లో టొరంటోలోని విసాయి గేమ్స్ చేసిన 'వెన్బా' ఉన్నది. కెనడాకు వలసపోయిన ఒక తమిళ కుటుంబం. తల్లి దగ్గర మిగిలినది పుట్టింటి వంటల పుస్తకం, అందులో కొన్ని చోట్ల అక్షరాలు చెరిగిపోయాయి. ఇడ్లీ పళ్లాలు ఏ వరుసలో పేర్చాలన్నది మనమే ఊహించుకోవాలి. గంటన్నరలో ముగిసే ఆ కథలో కొడుకు తల్లి భాషకు దూరమయ్యే తీరు చదివించినట్లుగా కాక, వంట తప్పినట్లుగా తగులుతుంది. గంటల లెక్క వేసేవారు దాన్ని కూడా ఖరీదైనదన్నారు. తొలి గేముకు ఇచ్చే బాఫ్తా పురస్కారం మాత్రం దానికే వచ్చింది.

ఒక తల్లి, చీపురుపల్లి

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. వాడు ఆడేది ఉచితమైన ఫోన్ గేమే. అయినా తుపాకికి రంగు మార్చాలని, ఏదో పాసు కొనాలని నెలనెలా డబ్బు అడుగుతాడు. ఉచితమైతే ఈ డబ్బు దేనికి? ఈమధ్య డబ్బు ఆటలను ప్రభుత్వం నిషేధించిందన్నారు, అది దీనికి వర్తించదా?

జవాబు: వర్తించదమ్మా. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగు చట్టం, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలను నిషేధించింది. రమ్మీ, పేకముక్కల పందేల వంటివి దాని కిందికి వస్తాయి. మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేల మీద 2020లోనే ఇటువంటి నిషేధం తెచ్చింది. తుపాకి రంగు కొంటే తిరిగి డబ్బేమీ రాదు కనుక అది పందెం కాదు, కొనుగోలు. ఈ-స్పోర్ట్స్‌ను, (పోటీలుగా ఆడే వీడియో గేములను), సరదా ఆటలను ఆ చట్టం అనుమతిస్తున్నది.

ఉచితం ఎలా గిట్టుబాటవుతుందంటే, ఆడేవారిలో చాలామంది ఒక్క రూపాయీ పెట్టరు. వారంతా ఉన్నందువల్ల గేము కళకళలాడుతుంది. కొద్దిమంది మాత్రం విపరీతంగా ఖర్చు పెడతారు, ఆదాయం వారి నుంచే. కనుక గేములో ప్రతి మలుపూ ఆ కొద్దిమందిలోకి మీ బాబును చేర్చడానికే రూపొందుతుంది. పాసు నెల తిరిగేసరికి ముగిసిపోవడం, ఈ రోజు రాకపోతే బహుమతి పోతుందని హెచ్చరించడం, రూపాయలను ముందు నాణేలుగా మార్చి ఎంత ఖర్చయిందో తెలియనీయకపోవడం, ఇవన్నీ ఆలోచించి పెట్టినవే. లోపల ఏముందో తెలియని పెట్టెను డబ్బుకు తెరిచే పద్ధతి మరీ చెడ్డది. దాన్ని బెల్జియం 2018లో జూదంగా పరిగణించి అడ్డుకున్నది.

ఇక్కడ పరిశ్రమ ధోరణి గురించి ఒక మాట. ఇటువంటి గేముల్లో కథ ఎందుకు ఉండదని చాలామంది అడుగుతారు. కథకు ముగింపు కావాలి, ఈ వ్యాపారానికి ముగింపే శత్రువు.

చేయదగిన పని చిన్నదే. బాబు ఫోనులో ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా మార్చండి, ఆ పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఫోను యూపీఐ పిన్ను వాడికి తెలిస్తే ఈ రోజే మార్చండి. ఏడాదికి పాసుల కింద పోయే డబ్బు వాడి చేతే లెక్క వేయించి, ఆ మొత్తానికి కథ ఉన్న గేము ఏదైనా ఒకసారి కొనిస్తామని బేరం పెట్టి చూడండి. కొట్టడం, ఫోను లాక్కోవడం కంటే ఈ బేరం బాగా పనిచేస్తుందని మా నమ్మకం.

గేమింగు సెంటరు యజమాని, పలాస

ప్రశ్న: నెలసరి చందా కడితే వందల గేములు వస్తాయంటున్నారు. నా సెంటరుకు అది లాభమా?

జవాబు: కాదు. అటువంటి చందాలు వ్యక్తిగత వాడకానికి ఇచ్చేవి. వాటిని అద్దెకు తిప్పితే ఖాతా పోయే ప్రమాదం ఉన్నది. సెంటర్ల కోసం స్టీమ్‌కు ప్రత్యేకంగా పీసీ కేఫ్ పథకం ఉన్నది, దాన్ని పరిశీలించండి. ఎలాగూ మీ దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు ఎక్కువగా అడిగేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఉచిత గేములే అయివుంటాయి. చందా చౌక అన్న మాట కూడా శాశ్వతం కాదు. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌లో పై తరగతి చందాను 2025 అక్టోబరులో అమెరికాలో 20 డాలర్ల నుంచి ఒక్కసారిగా 30 డాలర్లకు పెంచారు. కొత్త సిస్టములు కొనే ఆలోచన ఉంటే ర్యాము ధరలు చూసుకోండి. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి అవి బాగా పెరిగాయి.

ఒక పాఠకుడు, విజయనగరం

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న గేమును ఏదో ఒక రోజు కంపెనీ తీసేయగలదా? అలాగైతే కొనడమనే మాటకు అర్థమేమిటి?

జవాబు: తీసేయగలదు, తీసేసింది కూడా. 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల గేమును నడిపే సర్వర్లను (సంస్థ దగ్గరుండే కంప్యూటర్లను) యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపివేసింది. ఆ గేము ఒంటరిగా ఆడుకొనేవారికి కూడా సర్వరుతోనే నడిచేది కనుక, డిస్కు చేతిలో ఉన్నవారికి సైతం అది పనికిరాకుండా పోయింది. దాని మీద రగిలిన ఆగ్రహం నుంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. ఎప్పటికీ సర్వర్లు నడపమని అది కోరడం లేదు. ఆపేసే ముందు కొన్నవాళ్లు సొంతంగా ఆడుకొనే దారి విడిచి వెళ్లమని మాత్రమే కోరుతున్నది. ఐరోపాలో దాని వినతిపత్రంపై సంతకాలు 2025 జూలైలో పది లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం, లైసెన్సు మాత్రమే అమ్ముతున్నప్పుడు ఆ సంగతిని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనకూడదు.

మన దేశంలో అటువంటి చట్టం రావాలనే మేము కోరుకుంటాము. అందాకా, కథా గేములు కొనేవారికి జీఓజీ అనే దుకాణం మేలు. అక్కడ కొన్నదాన్ని ఇన్‌స్టాలరుతో సహా హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు. డిస్కులు కొనేవారు పెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి. నింటెండో స్విచ్ 2లో గేము-కీ కార్డులని కొన్ని వస్తున్నాయి. వాటిలో గేము ఉండదు, డౌన్‌లోడు చేసుకొనే తాళం మాత్రం ఉంటుంది. డిస్కు పూర్తిగా గేము ఉన్నదైతే ఆడిన తరువాత విశాఖపట్నంలోనో మరోచోటో అమ్ముకోవచ్చు. రాజాం విద్యార్థి గంటల లెక్కలో ఈ పద్దు కలపడం మరిచిపోయారు.

ఒక అభిమాని, ఆమదాలవలస

ప్రశ్న: జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) గేమును ముందుగానే బుక్ చేసుకోవచ్చునా? వంద డాలర్లు ఉంటుందని అందరూ అంటున్నారు.

జవాబు: అది వంద అయినా డెబ్బై అయినా మా సలహా ఒక్కటే: విడుదలైన రెండు వారాల దాకా ఆగండి. ముందు 2025 అన్నారు, తరువాత 2026 మే 26 అన్నారు, ఆ తరువాత నవంబరు 19కి జరిపారు. జరపడం తప్పేమీ కాదు. పూర్తిగా సిద్ధం కాకుండానే హడావిడిగా వదిలితే ఏమవుతుందో 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' చూపించింది. విడుదలైన ఎనిమిది రోజులకే సోనీ దాన్ని తన దుకాణం నుంచి తొలగించి డబ్బు వాపసు ఇచ్చింది. ఆగినవారికి తరువాత సరిచేసిన గేము, అదీ సగం ధరకు దొరికింది. డౌన్‌లోడు సరుకు అయిపోయేది కాదు కనుక ముందుగా బుక్ చేసుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

డిగ్రీ విద్యార్థిని, పొందూరు

ప్రశ్న: నాకు గేములకు కథలు వ్రాయాలని ఉన్నది. మా ఇంట్లో అదొక ఉద్యోగమా అని నవ్వుతున్నారు. మన దేశంలో అవకాశాలున్నాయా? తెలుగులో గేము చేయడం సాధ్యమేనా?

జవాబు: అవకాశాలున్నాయి, అయితే కథకుల కంటే చిత్రకారులకూ ప్రోగ్రామర్లకూ ఎక్కువ. బెంగుళూరులో రాజేశ్ రావు 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ ప్రారంభించిన నాటి నుంచి మన స్టూడియోలు ప్రధానంగా విదేశీ గేములకు బొమ్మలు, కార్లు, భవనాలు తయారు చేసి ఇస్తూ వచ్చాయి. ఆ ధ్రువ ఇప్పుడు జీటీఏ తయారీదారు రాక్‌స్టార్ చేతిలో ఉన్నది. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్ ఉన్నాయి. సొంత కథతో వచ్చినవాటిలో పుణెలోని నాడింగ్ హెడ్స్ వారి 'రాజీ' 2020లో పేరు తెచ్చుకున్నది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ రాక్షసుల మీదికి వెళ్లే అమ్మాయి కథ అది.

ఇంట్లోవారి భయం కూడా నిరాధారం కాదని చెప్పడం మా బాధ్యత. యాక్టివిజన్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొన్న మూడు నెలలకే, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగు విభాగంలో 1,900 మందిని తొలగించింది. మరుసటి నెలలో సోనీ 900 మందిని తొలగించింది. ఆ సంవత్సరమే ఆగస్టులో సోనీ విడుదల చేసిన 'కాంకర్డ్' అనే గేము రెండు వారాలు నడిచి మూతపడింది, తరువాత దాన్ని చేసిన స్టూడియో కూడా మూతపడింది. కనుక డిగ్రీతో పాటు చేతిలో మరొక జీవనాధారం ఉంచుకొని ఇందులోకి రండి.

తెలుగులో చేయడం సాధ్యమే. ఇన్నాళ్లూ అడ్డుపడినవాటిలో ఒకటి చిత్రంగా మన ఒత్తులే. గేములు తయారు చేయడానికి వాడే సాఫ్ట్‌వేరులు, అంటే గేము ఇంజన్లు, చాలావరకు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయేవి. 'స్త్రీ' అని వ్రాస్తే ముక్కలుముక్కలుగా కనిపించేది. ఉచితంగా దొరికే గోడో ఇంజను నాలుగో తరం నుంచి సంయుక్తాక్షరాలను సరిగా చూపుతున్నది. అంతకంటే తేలిక ట్వైన్ అనే ఉచిత సాధనం. అది బ్రౌజరులోనే నడుస్తుంది కనుక తెలుగు అక్షరాలకు ఇబ్బంది లేదు, ప్రోగ్రామింగు దాదాపు అక్కరలేదు. చదివేవాడు ఎంచుకున్న వాక్యాన్ని బట్టి తరువాతి పుట తెరుచుకుంటుంది.

వంద గంటల మహాకథ మొదలుపెట్టకండి. కొత్తవారందరూ అక్కడే ఆగిపోతారు. మీకు బాగా తెలిసిన పని చుట్టూ, మీ ఊరి నేతమగ్గం చుట్టూ అయినా సరే, ఇరవై నిమిషాల్లో ముగిసే కథ వ్రాయండి. ఆ పనిలో ఆటగాడు తన చేత్తో తేల్చుకోవలసిన ఇబ్బంది ఒకటి ఉండాలి: ఈ వారం నూలు అప్పు తీర్చడమా, పిల్ల ఫీజు కట్టడమా అన్నంత నిజమైనది. పూర్తయ్యాక గేములు ఎన్నడూ ఆడని ఇద్దరి చేత ఆడించి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. వాళ్లు ఎక్కడ తికమకపడ్డారో, ఎక్కడ చదవకుండా నొక్కేశారో వ్రాసుకొని సరిదిద్దండి. అటుపైన లంకెను మా కార్యాలయానికి పంపితే మేము కూడా ఆడి, ఈ శీర్షికలోనే అభిప్రాయం ప్రచురిస్తాము.